ముందు సీసాని అనుమానించు

కర్నూలు,
ఏప్రిల్ నెలాఖరు.

చిన్నీ,

జున్నుకి షుగరని తేలిందంటూ నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. ఆ వెంటనే మీ అమ్మ ఫోన్ చేసి "పిల్లికి షుగరేంటక్కా, పూటపూటా సూది వేయడమేంటి" అని నవ్వింది. నవ్వనీ. మనుషులకి వచ్చేదే దానికీ వచ్చింది. వయసు మళ్లిన, ఒళ్లు చేసిన, ఆపరేషన్ అయిన మగపిల్లులకి ఎక్కువగా వస్తుందట. నీ జున్ను ఈ మూడింట్లో దేనికీ తీసిపోదు.

సూది వేయడం నేను చెప్పక్కర్లేదు. డాక్టరుగారు దగ్గరుండి చేయించారన్నావు. సూది చాలా సన్నం, పిల్లి గిన్నెలో తలపెట్టి తింటుండగానే పని అయిపోతుంది. కొన్నాళ్లకి నీ చేతి వణుకు పోతుంది, దానికీ అలవాటవుతుంది. నేను రాస్తున్నది ఆ సిరంజిలోకి ఎక్కే మందు సంగతి. దాన్ని ఎక్కడ పెట్టాలి, ఎలా మోసుకెళ్లాలి, ఎప్పుడు పారేయాలి. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అంటావు, ఫోన్ పెట్టేసరికి సగం మర్చిపోతావు. కాగితం మీద ఉంటే మళ్లీ తీసి చూసుకుంటావు.

నేను ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుగా ఉన్నన్నాళ్లూ మాత్రలు లెక్కపెట్టి ఇవ్వడం ఒక ఎత్తు, టీకాల ఫ్రిజ్జుకి కాపలా కాయడం ఒక ఎత్తు. అది పైనుంచి మూత తెరిచే పెట్టె. ఐఎల్ఆర్ అనేవాళ్లం. నిలువు ఫ్రిజ్జు తలుపు తీస్తే చల్లగాలి కిందకి జారి బయటికి పోతుంది, ఈ పెట్టెలో గాలి లోపలే నిలుస్తుంది. అందులో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి థర్మామీటర్ చూసి పుస్తకంలో రాయాలి, ఆదివారమైనా పండగైనా. ప్లగ్గు పక్కన గోడకి "ఆపరాదు" అని కాగితం. చూసేవాళ్లకి చాదస్తంగానే ఉండేది. కానీ టీకా సీసాని చేతిలో పట్టుకుని, ఇది పనిచేస్తుందో లేదో చెప్పగలిగే కన్ను ఎవరికీ లేదు. అందుకని కన్నుని నమ్మడం మానేసి పుస్తకాన్ని నమ్మేవాళ్లం.

పోలియో చుక్కల సీసా మీద చిన్న గుర్తు ఒకటి ఉంటుంది, గుండ్రంలో చతురస్రం. 1996 నుంచి వేస్తున్నారు. వేడి తగిలేకొద్దీ లోపలి చతురస్రం రంగు ముదురుతుంది. చుట్టూ ఉన్న గుండ్రంతో కలిసిపోయిందంటే ఆ సీసా పనికిరాదు. ఇన్సులిన్ సీసా మీద అలాంటి గుర్తేమీ లేదు. పాలైతే విరిగి చెబుతాయి. ఇన్సులిన్ బలం సగం పోయినా పైకి తేటగానే ఉండొచ్చు.

ఇటు పిల్లీ చెప్పదు. జున్ను షుగరు ఉన్నట్టుండి పెరిగిందనుకో. మార్పు దాని ఒంట్లో వచ్చిందా, సీసాలో వచ్చిందా? రెండూ అనుమానంగా ఉంటే ఎంత పెద్ద డాక్టరైనా చీకట్లో తడుముకోవాల్సిందే. పిల్లి ఒళ్లు నీ చేతిలో లేదు, సీసా ఉంది. దాని మీద అనుమానానికి తావులేకుండా చూసుకున్నావంటే మిగతాది తేల్చడం తేలిక. నేను చెప్పాలనుకున్నది ఇదే, తక్కినదంతా దానికి కావలసిన ఏర్పాట్లు.

పిల్లుల షుగరులో ఇంకో విచిత్రం ఉంది. త్వరగా కనిపెట్టి, ఇన్సులిన్ సరిగ్గా పడి, పిండిపదార్థం తక్కువున్న తిండి పెడితే కొన్ని పిల్లులకి కొన్ని నెలల్లో ఇన్సులిన్ అక్కర్లేకుండా పోతుంది. రెమిషన్ అంటారు. మళ్లీ రాదని కాదు, కానీ ఆ అవకాశం మనుషులకంటే వాటికి బాగా ఉంది. అంటే ఇవాళ ఒక యూనిట్ కావలసిన జున్నుకి రెండు నెలలకి అర యూనిట్ చాలొచ్చు, అసలు అక్కర్లేకపోవచ్చు. దాని అవసరం అటూ ఇటూ జరుగుతుంటుంది. సీసా బలం కూడా జరుగుతూ ఉంటే ఇక దేన్ని పట్టుకుని లెక్క వేస్తావు?

ఇన్సులిన్ ఒక ప్రోటీన్. రెండు గొలుసుల్లో కలిపి 51 అమైనో ఆమ్లాలు. ఆ వరుసని విప్పి చూపించినందుకే ఫ్రెడరిక్ సాంగర్‌కి 1958లో నోబెల్ బహుమతి ఇచ్చారు. పిల్లి ఇన్సులిన్‌కీ ఆవు ఇన్సులిన్‌కీ తేడా ఒక్క అమైనో ఆమ్లమే, మన ఇన్సులిన్‌తో అయితే నాలుగు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కల మీద ప్రయోగాలు చేసి ఇన్సులిన్‌ని రాబట్టారు. ఆ తర్వాత అరవై ఏళ్లపాటు లోకమంతా ఆవుల, పందుల క్లోమం నుంచి తీసిన ఇన్సులిన్‌తోనే బతికింది. సూక్ష్మజీవుల చేత తయారు చేయించిన మనిషి ఇన్సులిన్ అమ్మకానికి అనుమతి దొరికింది 1982లో. ఇప్పుడు మనుషుల కోసం చేసిన గ్లార్జిన్ అనే ఇన్సులిన్ మీ జున్నుకి పడుతోంది. బాకీ తీరుస్తున్నామనుకో.

ఆ రెండు గొలుసులు ముడుచుకుని ఉన్న తీరులోనే దాని పనంతా ఉంది. వేడి ఆ అమరికని మెల్లమెల్లగా చెడగొడుతుంది. గడ్డకడితే ఒక్క దెబ్బకే చెడిపోతుంది. ఎండ వెలుతురు, గట్టి కుదుపు కూడా వాటి వంతు అవి చేస్తాయి.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే చోట పుట్టినవాళ్లం కదా, మనకి వేడంటేనే భయం. మందు ఎంత చల్లగా ఉంటే అంత భద్రం అనుకుంటాం. సీసా తెచ్చి నేరుగా డీప్ ఫ్రీజర్లో పెట్టినవాళ్లు, ఐస్ ట్రే పక్కన దూర్చినవాళ్లు మనలో బోలెడుమంది. టీకాల్లోనూ ఇదే గొడవ. డీపీటీ, ధనుర్వాతం, హెపటైటిస్ బి టీకాలు గడ్డకడితే పాడైపోతాయి. గడ్డకట్టి కరిగిందన్న అనుమానం వస్తే వాటికి ఒక పరీక్ష ఉంది. అదే రకం సీసా ఒకదాన్ని కావాలని గడ్డకట్టించి, కరిగించి, రెండింటినీ ఊపి పక్కపక్కన నిలబెడతాం. అడుగున మడ్డి ఎంత తొందరగా దిగుతోందో చూస్తాం. ఇన్సులిన్‌కి ఇంట్లో చేసుకునే పరీక్ష ఏదీ లేదు. గడ్డకట్టి కరిగిన గ్లార్జిన్ ఎప్పటిలాగే కనబడొచ్చు. కాబట్టి ఒక్కసారి గడ్డకట్టిందని తెలిస్తే, నిండు సీసా అయినా సరే, మారు మాట్లాడకుండా పారేయాలి.

మీ ఇంట్లో ఉన్నది ఒంటి తలుపు ఫ్రిజ్జని నాకు గుర్తు. పైన మంచు పేరుకునే ఫ్రీజరు, దాని కింద పాలప్యాకెట్లు పెట్టుకునే చిల్ ట్రే. ఆ ట్రేలో మందు పెట్టొద్దు, ఫ్రీజరు తర్వాత అతి చల్లటి చోటు అదే. వెనక గోడకి ఆనించొద్దు, కొత్తిమీర అక్కడ తగిలి నల్లబడటం నువ్వే చూసుంటావు. తలుపు అరలో పెట్టినా ఫరవాలేదంటారు కొందరు. నాకది నచ్చదు. వేసవిలో నీళ్ల సీసా కోసం గంటకి పదిసార్లు తలుపు తీస్తారు, తీసినప్పుడల్లా వంటింటి వేడి దానికే ముందు తగులుతుంది, వేసినప్పుడల్లా కుదుపు. మధ్య అరలో, ముందువైపుకి, మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టు. స్టీలు డబ్బా వద్దు, చలి తొందరగా లోపలికి పాకుతుంది. అడుగున మెత్తటి గుడ్డ ఒక మడత వెయ్యి. మందు దాని అట్టపెట్టెలోనే ఉండాలి, వెలుతురు తగలకుండా.

కనిష్ఠం, గరిష్ఠం గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొను. పెద్ద ఖరీదేమీ కాదు. దాని తీగ కొసని ఆ డబ్బాలోనే ఉంచి, మొదటి వారం రోజూ చూడు. రాత్రి ఎంతకి దిగుతోంది, మధ్యాహ్నం ఎంతకి ఎక్కుతోంది అన్నది తెలిశాక ఫ్రిజ్జు మరను సర్దుకోవచ్చు. ఇంకోటి మర్చిపోకు. మే నెలలో మరను చివరికంటా తిప్పుతాం, కార్తీకం వచ్చినా దాన్ని వెనక్కి తిప్పడం ఎవరికీ గుర్తుండదు. హైదరాబాదు చలిరాత్రుల్లో ఆ మర అలాగే ఉంటే మధ్య అర కూడా సున్నాకి దిగొచ్చు. ఇన్సులిన్‌కి ఎండాకాలం ఎంత గండమో చలికాలమూ అంతే గండం, కాకపోతే అప్పుడు ఎవరూ భయపడరు.

కరెంటు పోతే కంగారుపడి ఫ్రిజ్జు తెరిచి చూడకు. మూసి ఉంచితే కొన్ని గంటలు చల్లదనం నిలుస్తుంది. ఫ్రీజరులో రెండు నీళ్ల సీసాలు ఎప్పుడూ గడ్డకట్టి ఉంటే ఇంకా నయం. పనిమనిషి తుడవడానికి ప్లగ్గు తీస్తుంది, మీ నాన్న ఊరెళ్తూ మెయిన్ ఆపేస్తారు. కరెంటు కోతకంటే వీటికే ఎక్కువ భయపడాలి. మా ఆరోగ్య కేంద్రంలోలాగే ప్లగ్గు మీద కాగితం అంటించు. మీ నాన్న నవ్వితే నా పేరు చెప్పు.

ఒక పూట చల్లదనం తప్పినంత మాత్రాన సర్వనాశనమైందని ఏడవకు. కెన్యాలో డాగహాలే శరణార్థి శిబిరంలో ఫ్రిజ్జుల్లేని ఇళ్ల కోసం ఎంఎస్ఎఫ్ అనే వైద్య సంస్థ, జెనీవా విశ్వవిద్యాలయం కలిసి ఒక అధ్యయనం చేశాయి. పగలు 37, రాత్రి 25 డిగ్రీలుండే చోట నాలుగు వారాలు ఉంచినా ఆ ఇన్సులిన్లు చల్లగా దాచిన వాటికి తీసిపోలేదని తేలి, 2021లో ప్రచురించారు. అది చదివి నేను చాలా సంతోషించాను, ఫ్రిజ్జు లేదన్న కారణంతో ఊళ్లలో ఎంతమంది సూదికి దూరమయ్యారో చూసినదాన్ని కాబట్టి. అయితే అది ఫ్రిజ్జు లేనివాళ్లకి ధైర్యం, ఉన్నవాళ్లు బద్ధకించడానికి అనుమతి కాదు. మన మే నెల మధ్యాహ్నం 37 దగ్గర ఆగదు కూడా.

కరెంటు మరీ గంటలు గంటలు రాకపోతే కుండ ఉంది. పెద్ద కుండలో తడి ఇసుక, అందులో చిన్న కుండ, పైన తడిగుడ్డ. సీసాని నీళ్లు దూరని కవరులో పెట్టి చిన్న కుండలో ఉంచి, నీడలో గాలి తగిలేలా పెట్టాలి. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుపోతుంది. కర్నూల్లో, అనంతపురంలో, మీ హైదరాబాదులో గాలి పొడిగా ఉంటుంది కనుక కుండ బాగా పనిచేస్తుంది. కాకినాడలోనో విశాఖలోనో ఉక్కపోతలో నీరు ఆవిరే కాదు, అక్కడ కుండని అంత నమ్మడానికి లేదు. కుండలో ఇంకో సుగుణం ఉంది. అది ఎన్నటికీ గడ్డకట్టించదు.

ఇప్పుడు తెరిచిన మందు సంగతి. గ్లార్జిన్ కాగితంలో ఏం రాసుంటుందో చూడు: తెరిచాక 30 డిగ్రీలు దాటని గది ఉష్ణోగ్రతలో 28 రోజులు. ఆ 30 డిగ్రీల గది మనకి ఏ జనవరిలోనో దొరుకుతుంది. మే నెలలో మా హాల్లో ఫ్యాను కింద కూర్చున్నా అంతకంటే ఎక్కువే. అందుకని తెరిచిన మందు కూడా ఫ్రిజ్జులోనే ఉంచు. పెన్నుకి సూది తగిలించి వాడేవాళ్లని తెరిచాక ఫ్రిజ్జులో పెట్టొద్దంటారు, అది వేరే సంగతి. మీ డాక్టరుగారు నిన్ను 3 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్ నుంచి సిరంజితో తీసుకోమన్నారు, అదీ మంచిదే. మామూలు పెన్ను ఒక యూనిట్ చొప్పున తిరుగుతుంది, పిల్లికి అర యూనిట్ కావలసి వస్తే సిరంజే గతి. కార్ట్రిడ్జ్‌లోకి గాలి ఎక్కించకు. సిరంజితో తీయడం మొదలుపెట్టాక దాన్ని మళ్లీ పెన్నులో పెట్టకు. సిరంజిలో ఎక్కువైన మందుని తిరిగి లోపలికి నెట్టకు.

28 రోజుల దగ్గర నీకు మనసొప్పదని నాకు తెలుసు. కార్ట్రిడ్జ్‌లో 300 యూనిట్లుంటాయి. పూటకి ఒకటి చొప్పున రోజుకి రెండు, 28 రోజులకి 56. మిగిలిన 244 యూనిట్లు చెత్తలోకా? అందుకే 10 మిల్లీలీటర్ల సీసా కొనకుండా కార్ట్రిడ్జ్ కొనమన్నారు. ఆ సీసాలో 1000 యూనిట్లు, ఏడాదైనా అయిపోదు. ఆ గడువు వెనక రెండు కారణాలున్నాయి. ఒకటి మందు బలం. రెండోది, రబ్బరు మూతని గుచ్చిన ప్రతిసారీ లోపలికి దూరగల క్రిములు. వాటిని ఆపడానికి మందులో క్రెసాల్ జాతి రసాయనం కలుపుతారు, చుక్క జారినప్పుడు ఆస్పత్రి వాసన వస్తుందే, అది దాని వాసనే. పిల్లులకి గ్లార్జిన్ వాడే డాక్టర్లు చాలామంది, ఫ్రిజ్జులోనే ఉంచి, తేటగా ఉన్నంతకాలం 28 రోజులు దాటాక కూడా వాడనిస్తారు. ఎంతవరకన్నది నీ అంతట నువ్వు నిర్ణయించుకోకు, నేనూ చెప్పను. మీ డాక్టరుగారిని అడిగి ఒక తేదీ ఖాయం చేసుకో. తెరిచిన తేదీ, పారేయాల్సిన తేదీ రెండూ తెల్ల ప్లాస్టరు ముక్క మీద రాసి అంటించు. సీసా మీద నేరుగా రాస్తే స్పిరిట్ దూది తగిలి చెరిగిపోతుంది. ఆ తేదీ వచ్చాక మాత్రం లోపల ఎంత మిగిలిందో చూడకు. ఒక రాత్రి పశువుల ఆస్పత్రి ఖర్చు కార్ట్రిడ్జ్ ధరకంటే ఎక్కువే ఉంటుంది.

గ్లార్జిన్ ఆమ్లగుణం ఉన్న ద్రవం. చర్మం కిందికి వెళ్లాక అక్కడి తటస్థ వాతావరణంలో సన్నని రేణువులుగా విడిపోయి మెల్లగా కరుగుతుంది, అంతసేపు పనిచేయడానికి కారణం అదే. ఆ రేణువులు సీసాలోనే ఏర్పడ్డాయంటే మందు పోయినట్టే. కాబట్టి దాన్ని నీళ్లతో పలచన చేయకూడదు, ఇంకే ఇన్సులిన్‌తోనూ కలపకూడదు. మసకబారినా, నలుసులు కనబడినా, రంగు మారినా పారేయాలి.

ఈ కలిసిపోవడం గురించి నాకు అసలు బెంగ మీ ఇంట్లో ఉంది. అమ్మమ్మ ఇన్సులిన్ కూడా అదే ఫ్రిజ్జులో ఉంటుంది కదా. అమ్మమ్మది తెల్లగా మబ్బుగా ఉండే మిశ్రమం, మిల్లీలీటరుకి 40 యూనిట్లు. వేసే ముందు అరచేతుల మధ్య దొర్లించాలి. జున్నుది నీళ్లలా తేట, మిల్లీలీటరుకి 100 యూనిట్లు, దొర్లించే పనీ లేదు, ఊపే పని అసలే లేదు. సిరంజిలూ వేరు. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. మన దేశంలో రెండు రకాలూ ఒకే షాపులో, ఒకే అరలో దొరుకుతాయి. ఎర్రమూత సిరంజిలో జున్ను మందు ఒక గీత ఎక్కించావంటే అది ఒక యూనిట్ కాదు, రెండున్నర. మనిషికి ఒకటిన్నర యూనిట్ తేడా పెద్ద లెక్కలోది కాదు, నాలుగైదు కిలోల పిల్లికి అది ప్రాణం మీదికి తెస్తుంది. రెండు మందులూ రెండు వేర్వేరు అరల్లో, రెండు రంగుల డబ్బాల్లో ఉండాలి. సిరంజిలు కూడా వాటి డబ్బాల దగ్గరే ఉండాలి. జున్ను డబ్బా మీద పిల్లి బొమ్మ వెయ్యి, అమ్మమ్మకి కళ్లద్దాలు లేకపోయినా తెలుస్తుంది. నీకు 0.3 మిల్లీలీటర్ల నారింజమూత సిరంజిలు, అర యూనిట్ గీతలున్నవి దొరికితే అవే తీసుకో.

కొనేటప్పుడు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. సీసా నీ ఇంటికి రాకముందే చెడిపోయి ఉంటే నీ జాగ్రత్తలన్నీ వృథా. షాపతను మందుని ఫ్రిజ్జులోంచి తీశాడా, బల్ల మీద నుంచి తీశాడా చూడు. రాత్రి షాపు మూసేటప్పుడు ఫ్రిజ్జు కూడా ఆపుతారా అని నవ్వుతూ అడుగు, మొహం చూస్తే జవాబు తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం కొనకు. ఇంటికి తెప్పించుకుంటే డెలివరీ కుర్రాడి సంచిలో ఎండలో ఎంతసేపు తిరిగిందో ఎవరికి తెలుసు? పొద్దున్నే నువ్వే వెళ్లి, చిన్న థర్మోకోల్ పెట్టెలో తెచ్చుకో. ఎప్పుడూ ఒక కొత్త కార్ట్రిడ్జ్ తెరవకుండా ఇంట్లో ఉండాలి. ఎందుకో చెబుతాను.

రెండు నెలలు అంతా బాగానే నడిచింది, తర్వాత జున్ను మళ్లీ గిన్నెలకొద్దీ నీళ్లు తాగుతోంది, ఇసుక డబ్బాలో ముద్దలు పెద్దవవుతున్నాయి, షుగరు చూసే మీటర్లో అంకెలు ఎక్కుతున్నాయి అనుకో. ఎవరికైనా ముందు తోచేది, డోసు చాలడం లేదని. ఒకటిని ఒకటిన్నర చేస్తారు, రెండు చేస్తారు. అసలు కారణం సీసా బలం తగ్గడమైతే ఆ రెండు యూనిట్లు నిజానికి ఒక్కటిలాగే పనిచేస్తుంటాయి. అంకెలు దిగుతాయి, అందరూ సంతోషిస్తారు. ఇంతలో పాత సీసా అయిపోతుంది, కొత్తది తెరుస్తారు. అదే రెండు యూనిట్లు వేస్తారు. ఈసారి అవి నిజంగా రెండు. తెల్లారేసరికి పిల్లి తూలుతూ, గోడకి తగులుకుంటూ, ఫిట్స్ వచ్చి పడిపోతూ కనబడుతుంది. దాచడంలో జరిగిన తప్పు వారాల తర్వాత, ఎక్కడా సంబంధం లేనట్టు బయటపడే తీరు ఇది. అందుకే అంకెలు కారణం లేకుండా ఎక్కాయంటే డోసు జోలికి పోకముందు కొత్త కార్ట్రిడ్జ్ తెరువు, పాత డోసే వెయ్యి, డాక్టరుగారికి ఫోన్ చేసి ఈ మాట చెప్పు. కొత్త మందుతో అంకెలు దిగాయంటే దొంగ ఎవరో దొరికినట్టే. దిగకపోతే అప్పుడు పిల్లిని చూడాలి: పంట్లో చీము పట్టిందా, మూత్రంలో ఇన్ఫెక్షనా, తిండి మార్పా, నీ సూది బొచ్చులోకే పోతోందా అని. బొచ్చు తడిగా ఉంటే మందు లోపలికి వెళ్లనట్టు. అప్పుడు కూడా రెండోసారి వేయకు. పడిందో లేదో తెలియని సూదిని మళ్లీ వేయకూడదు, ఒక పూట తప్పినా ఫరవాలేదు.

తూలడం, నీరసం, ఉన్నట్టుండి విపరీతమైన ఆకలి కనబడితే తినగలిగే స్థితిలో ఉంటే వెంటనే తిండి పెట్టు. స్పృహ తప్పుతుంటే నోట్లో ఏమీ పొయ్యకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తేనె గానీ చిక్కటి పంచదార పాకం గానీ చిగుళ్లకి రాసి ఆస్పత్రికి పరిగెత్తు. తేనె సీసా జున్ను డబ్బా పక్కనే ఉండాలి. మీటర్ కూడా ఎప్పుడూ ఒకటే వాడు. మనుషుల మీటర్ పిల్లి రక్తంలో అసలు ఉన్నదానికంటే కాస్త తక్కువ చూపిస్తుంది, మీటర్లు మారిస్తే నీకు ఇంకో అనుమానం తోడవుతుంది. పరీక్ష ఇంట్లోనే చెయ్యడం మంచిది. ఆస్పత్రిలో భయానికే పిల్లి షుగరు ఎగబాకుతుంది.

మే నెలలో జున్నుని తీసుకుని కారులో వస్తానన్నావు. సంతోషం. టీకాల క్యారియర్‌లో మేము ఐస్ ప్యాక్‌ని ఫ్రీజరులోంచి తీసి నేరుగా పెట్టేవాళ్లం కాదు. బల్ల మీద ఉంచి, పైన చెమట పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చేదాకా ఆగేవాళ్లం. అప్పుడది సున్నా దగ్గర ఉంటుంది, అంతకంటే కిందికి దిగి మందుని గడ్డకట్టించదు. నువ్వూ అలాగే చెయ్యి. పైన తువ్వాలు చుట్టి, మందుని వేరే కవరులో పెట్టి, ప్యాక్‌కి తగలకుండా సర్దు. ఆ పెట్టె నీ కాళ్ల దగ్గర నీడలో ఉండాలి, డిక్కీలో కాదు. జడ్చర్ల దగ్గర టిఫినుకి దిగితే పెట్టె కూడా నీతో దిగాలి. ఎండలో మూసిన కారులో 50 డిగ్రీలు దాటడం ఎంతోసేపు పట్టదు, జున్నుని కూడా అందులో ఉంచేది లేదని వేరే చెప్పాలా. ఎప్పుడైనా విమానంలో వెళ్తే మందు చేతి సంచిలో ఉండాలి, కింద సామాన్ల గదిలో గడ్డకట్టే చలి ఉండొచ్చు. వాడిన సూదులు చెత్తబుట్టలో వేయకు, ఎత్తేవాళ్ల చేతులకి గుచ్చుకుంటాయి. గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి, నిండాక ఆస్పత్రిలో ఇచ్చెయ్యి.

బయల్దేరే ముందు రోజు ఫోన్ చెయ్యి. మా ఫ్రిజ్జులో థర్మామీటర్ పెట్టి రెండు రోజులుగా చూస్తున్నాను, మధ్య అర 5 దగ్గర నిలకడగా ఉంది. మీ పెదనాన్న ఆ అర నిండా మామిడిపళ్లు కుక్కారు. నువ్వొచ్చేలోపు ఖాళీ చేయిస్తాను.

మీ పెద్దమ్మ